ఖాళీ బిళ్ళ చుట్టూ వలయం

మెహరున్నీసా మేడమ్ ఇక లేరని తెనాలి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను బాపట్లలో, మా కాలేజీ ల్యాబులో సీసాలు కడుగుతున్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "అలాగేనండి" అన్నాను. ఫోన్ పెట్టేసి, మిగిలిన సీసాలు కూడా కడిగాను. ఇప్పటికీ ఏడుపు రాలేదు.

లేత కొబ్బరి నీళ్ళలో సూక్ష్మక్రిములను ఎదుర్కొనే పెప్టైడ్లనే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు ఉంటాయి. వాటి బలమెంతో తెలుసుకోవడమే మేడమ్ పరిశోధన. నేను ఆమె విద్యార్థిని. రేపల్లె వైపు నుంచి కొబ్బరి బొండాలు తెచ్చి స్టేషన్ దగ్గర అమ్మే పెద్దాయన ఒకరోజు అడిగాడు: "మేడమ్ గారూ, మా బొండాం నీళ్ళు క్రిముల్ని చంపుతాయని బోర్డు పెట్టుకోనాండీ?"

"ప్లేటులో చచ్చాయి బాబాయ్, ఒంట్లో సంగతి నాకింకా తెలీదు. దాహం తీరుద్దని రాసుకో, ఎవరూ కాదనరు."

"దానికి బోర్డెందుకండీ, ఎండ చాలదూ!"

మేడమ్ రోడ్డు మీదే పడీ పడీ నవ్వారు.

ప్లేటు మీద క్రిములను పూసి, కొబ్బరి నీళ్ళలో తడిపిన కాగితపు బిళ్ళను పెడతాం. క్రిములు చస్తే బిళ్ళ చుట్టూ తేటగా వలయం కనిపిస్తుంది. మొదటిసారి అది చూసి, నలుగురిలో నోరు విప్పని నేను వరండాలో పరుగెత్తాను. మేడమ్ చూసి, "ఖాళీ బిళ్ళ ఏదమ్మా?" అన్నారు. కొబ్బరి నీళ్ళు తగలని బిళ్ళ ఒకటి పక్కన ఉండాలి. నేను మరిచాను. మళ్ళీ చేస్తే ఖాళీ బిళ్ళ చుట్టూ కూడా వలయం వచ్చింది. పట్టుకారు తుడిచిన స్పిరిట్ ఆరకముందే దాంతో బిళ్ళలు తీసి పెట్టాను. క్రిములను చంపింది స్పిరిట్.

"సిగ్గెందుకు? కొట్టెయ్యకుండా రాయి. తప్పు కూడా మన నోట్‌బుక్కులోదే" అన్నారు.

తెనాలి వెళ్ళి, ఆమె ముఖం చూసి, సాయంత్రానికి ల్యాబుకు తిరిగొచ్చాను. ముందురోజు మేడమ్ పెట్టిన ప్లేటు ఇంక్యుబేటర్లో ఉంది. మూత మీద ఆమె చేతిరాత. కొబ్బరి నీళ్ళ బిళ్ళ చుట్టూ నేనెన్నడూ చూడనంత పెద్ద వలయం. తర్వాత ఖాళీ బిళ్ళ చూశాను. దాని చుట్టూ కూడా అంతే.

ముందురోజు ఆమె "కాస్త ఆయాసంగా ఉందమ్మా, ముందు రైలుకి పోతా" అన్నారు. నేను "సరేనండి" అన్నాను. స్పిరిట్ ఆరేదాకా ఆగలేనంత ఆయాసమని ఇప్పుడు తెలిసింది.

ఖాళీ బిళ్ళ సంగతి రాయకపోతే అడిగేవాళ్ళు లేరు. ఆమె చివరి ఫలితం అందంగా మిగిలిపోతుంది. "ఖాళీ బిళ్ళ ఏదమ్మా?" అనే మనిషి నాకు మళ్ళీ దొరకరు.

రెండు వలయాలూ రాశాను. పరిశీలించినవారి సంతకం కోసం, అలవాటుగా, పేజీని ఆమె కుర్చీ వైపు తిప్పి పెట్టాను.