రిజిస్టర్లో లేని పులి

ఇరవై ఆరేళ్లుగా అడవి కాపలాలో అతని పని ఒక్కటే. సాయంత్రం వాగు మలుపులో దుమ్ము చదును చేయడం, తెల్లారి అందులో పడ్డ అడుగులు కొలిచి రిజిస్టర్లో రాయడం. అందరూ జాడల మావయ్య అనేవారు.

ఆ వేసవిలో ఆడపులి అడుగుల పక్కన చిన్న అడుగులు కనిపించాయి. రెండు పిల్లలవి. అతను చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. రాస్తే కబురు గేటు దాటుతుంది. వాగు దారి మూసి ఉన్నా పెద్దాఫీసర్ల చుట్టాలు కెమెరాలతో దిగుతారు. రెండేళ్ల కిందట అలాగే ఒక తల్లి పిల్లల్ని వదిలేసి పోయింది.

కొమ్మతో చెరిపేసి, 'జాడ లేదు' అని రాశాడు. నలభై రోజులు అదే రాశాడు.

సందర్శకుల జీపు నడిపే అల్లుడికి అనుమానం వచ్చింది.

"పులేమైనా నీకు వియ్యపురాలా మావయ్యా, ఇంత గుట్టు?"

"జింకలున్నాయిగా, చూపించు."

"మా బండి చూస్తే జింకలే ఆవలిస్తున్నాయి."

ఓ మధ్యాహ్నం అల్లుడు నవ్వుతూ వచ్చాడు. "వాగు దారి ఎల్లుండి మాకు తెరుస్తున్నారు. అక్కడ పులి లేదని నీ రిజిస్టరే చెప్పిందట!"

మావయ్య తిన్నగా రేంజరమ్మ గదికి నడిచాడు. నిలబడే అంతా చెప్పాడు.

"నలభై రోజులు అబద్ధం రాశారు. ఇప్పుడు ఉందంటే ఎలా నమ్మను?"

"రేపు పొద్దున వచ్చి చూడండమ్మా."

మర్నాడు ఆమెకంటే ముందే చేరాడు. దుమ్ము చదునుగా ఉంది. ఎలుక కాలు కూడా పడలేదు.

పులి అడుగు వేయడం అతనికి చేతనవును. మడమకు పిడికిలి, వేళ్లకు నాలుగు నొక్కులు. కొత్త కాపలావాళ్లకు అలాగే నేర్పాడు. వంగాడు. చెయ్యి దుమ్ము దాకా వెళ్లింది. దూరంగా ఆమె బండి చప్పుడు వినిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె దిగి చూసింది.

"ఏది?"

"ఇవాళ నిజంగానే జాడ లేదమ్మా."

ఆమె దుమ్ము వైపు చూసింది. తర్వాత అతని చేతుల వైపు.

"పులి అడుగు వేయడం మీకొచ్చని విన్నాను."

"వచ్చమ్మా."

ఆమె మళ్లీ ఆ చదును దుమ్ము వైపు చూసింది.

"దారి తెరవను," అంది చివరికి. "రిజిస్టరు మాత్రం ఇటివ్వండి. ఇక నుంచి వేరేవాళ్లు రాస్తారు."

అతను సంచిలోంచి తీసి, రెండు చేతులతో అందించాడు.