నేను చదవని అంకెలు

కాగితానికి కరువొచ్చిందంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నా చిన్నప్పుడు, అవతల ఎక్కడో యుద్ధం సాగుతున్న రోజుల్లో, మా గురజాల వైపు పల్లెల్లో కాగితం ముక్క కంటబడితే కళ్లకద్దుకునేవాళ్లం. కొట్లో బెల్లం తాటాకులో చుట్టి ఇచ్చేవాళ్లు. ఎప్పుడైనా కాగితంలో కట్టిస్తే, పొట్లం విప్పాక మా అమ్మ దాన్ని అరచేత్తో సాపు చేసి చూరులో దోపేది. బడిలో మేం రాసేదంతా పలక మీదే.

అలాంటి రోజుల్లో మా మేష్టారు అయిదో తరగతి వాళ్లకు చేతిపనుల గంట ఒకటి పెట్టారు. ఇనస్పెక్టరు గారు రాబోతున్నారని, ఆయన వచ్చేసరికి ఒక్కొక్కళ్లు ఒక్కో వస్తువు చేసి చూపించాలని చెప్పారు. కానీ ఖర్చు పెట్టకూడదు. ఇంట్లో మూల పడి ఉన్నదానితోనే చేయాలి, చేసింది ఇంట్లో వాడుకోవడానికి పనికి రావాలి. మగపిల్లలు కొందరు కందికంపతో తట్టలు అల్లుతామన్నారు, కొందరు తాటాకు విసనకర్రలు చేస్తామన్నారు. ఒకడు నాపరాతి పెచ్చును ఇసుకతో అరగదీసి తన పలక తనే చేసుకుంటానన్నాడు. ఆడపిల్లలం ముగ్గురమే ఉన్నాం. ముగ్గురమూ గుజ్జు బుట్టే ఎంచుకున్నాం.

గుజ్జు బుట్టంటే పెద్ద విద్యేమీ కాదు. పాత కాగితాలు చించి నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టాలి. నానిన మెంతులు కలిపి రోట్లో వేసి వెన్నలాగా అయ్యేదాకా రుబ్బాలి. బోర్లించిన చట్టి మీద తడిగుడ్డ కప్పి, ఆ గుజ్జును దళసరిగా మెత్తి ఎండబెట్టాలి. ఎండాక చట్టి తీసేస్తే బుట్ట మిగులుతుంది. మెంతుల చేదుకు పురుగు చేరదు. ఇదంతా మేష్టారు నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. చివర ఒక మాట అన్నారు: నానబెట్టే ముందు ప్రతి కాగితాన్నీ ఒకసారి చదవండి, ఎవరికి ఏది పనికొస్తుందో మనకు తెలియదు. ఈ మాట నాకు చాదస్తంగా తోచింది. పొట్లాం కాగితంలో చదివేందుకు ఏముంటుంది, ఉప్పూ పప్పూ తప్ప?

ఇక్కడ మా పక్కింటి పెద్దమ్మ సంగతి చెప్పాలి. చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరసన పెద్దమ్మ. భర్త చిన్నతనంలోనే పోతే పత్తి తీతకూ కలుపులకూ పోయి ఒక్క కొడుకును పెంచింది. ఆ అన్నయ్య మూడో తరగతి దాకా చదివి, పెద్దయ్యాక పటాలంలో చేరాడు. అస్సాం వైపు రోడ్లు వేస్తున్నామని రాసేవాడు. వచ్చినవి మొత్తం మూడు ఉత్తరాలు. పెన్సిలుతో, గింజల్లా లావుపాటి అక్షరాలతో ఉండేవి. పెద్దమ్మకు చదువు రాదు. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య చదవడం వచ్చింది నాకొక్కదానికే కాబట్టి, ఆవిడకు కొడుకు మీద బెంగ పుట్టినప్పుడల్లా నన్ను పిలిచి ఆ మూడూ చదివించుకునేది. ఎన్నిసార్లు చదివానో, చూడకుండా ఒప్పజెప్పగలిగేదాన్ని. ‘అమ్మకు నమస్కారం. నేను క్షేమం. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది’ అని మొదలుపెట్టి చివరి దాకా గడగడా చదివేసేదాన్ని. చదివినందుకు ఆవిడ కొంగున కట్టుకొచ్చిన వేరుశెనక్కాయలు పెట్టేది. నిజం చెప్పాలంటే నా ధ్యాస ఎక్కువగా ఆ కాయల మీదే ఉండేది.

జవాబులూ నేనే రాసేదాన్ని. విలాసం మాత్రం పోస్టు బంట్రోతు ఆ ఉత్తరాలు చూసి ఇంగ్లీషులో ఎక్కించి, వాటిని తిరిగి ఇచ్చేసేవాడు. అయితే ఎనిమిది నెలలుగా అన్నయ్య నుంచి ఏ కబురూ లేదు.

ఒకరోజు మామూలుగానే చదివించుకుంది. చదవడం అయ్యేసరికి ఆవిడ చేతులు జొన్నపిండిలో ఉన్నాయి. రేకుపెట్టెలో పెట్టి రమ్మంది. రేకుపెట్టె లోపలి గదిలో, మంచం కింద ఉంటుంది. వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుతున్నవాళ్లు నన్ను పిలుస్తున్నారు. గోడగూట్లో పాత పంచాంగం, పొట్లాం కాగితాలు కుక్కి ఉంటే వాటి మధ్యలో ఉత్తరాలు దూర్చి, పెట్టెలో పెట్టానని చెప్పి పరుగెత్తాను. తర్వాత పెడదాంలే అనుకున్నాను. ఆ తర్వాత అన్నది రానే లేదు.

వారం తిరక్కుండానే చేతిపని మొదలైంది. మా చూరులో కాగితాలు సగం బుట్టకు కూడా చాలలేదు. పెద్దమ్మను అడిగితే, చేనికి పోతూ పోతూ, గూట్లో ఉన్నవన్నీ తీసుకోమంది. తీసుకున్నాను. మా అరుగు మీద కూర్చుని, కళ్లు వీధిలో ఆడేవాళ్ల మీద పెట్టి, నాలుగైదు మడతలు ఒక్కసారే పట్టుకుని పరపరా చించాను. ఒక్కటంటే ఒక్కటి విప్పి చూడలేదు. మిగతా ఇద్దరు ఆడపిల్లలూ మేష్టారి మాట విని ఒక్కో కాగితం కూడబలుక్కుంటూ ఉంటే, నేను అందరికంటే ముందే నానబెట్టానని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

నాలుగో రోజు అమ్మ పొత్రం తిప్పుతుంటే నేను రోట్లోకి గుజ్జు తోశాను. రెండు రోజులు ఎండ బాగా కాసింది. చట్టి తీసి, గుడ్డ ఒలిచి బుట్టను తిప్పి చూసుకున్నాను. లోపల అడుగున, సరిగా నలగని చిన్న ముక్క ఒకటి పైకే అతుక్కుని ఉంది. దాని మీద పెన్సిలు రాత. లావుపాటి అక్షరాలు. ‘అమ్మకు’ అని ఉంది. పైన మూలన ఏడు అంకె, దాని పక్కన తోక తెగిన ఇంకో అంకె.

అప్పుడు గుర్తొచ్చింది గూడు. నేను ఏం చేశానో చెబుతాను, ఇన్నేళ్ల తర్వాత ఇక దాచను. రోటి అంచున మిగిలిన గుజ్జు గీరి, నీళ్లతో తడిపి, ఆ ముక్క మీద మెత్తాను. ఆరాక బుట్టంతా ఎర్రటి జాజు పూసి, సున్నంతో చుక్కలు పెట్టాను. ఇనస్పెక్టరు గారు వచ్చి నా బుట్టనే అందరికీ ఎత్తి చూపించారు. మేష్టారు నా తల నిమిరారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు.

ఆ వారమే పోస్టు బంట్రోతు పెద్దమ్మకు ఒక ఉపాయం చెప్పాడు. సిపాయి నంబరు వేసి పటాలం ఆఫీసుకు అర్జీ పెడితే, మనిషి ఎక్కడున్నాడో, ఎట్లా ఉన్నాడో రాస్తారట. ఉత్తరం పైన ఆ నంబరు ఉంటుంది, తీసి ఉంచమన్నాడు. ఎన్నోసార్లు విలాసం ఎక్కించినవాడే గాని, చుట్టుపక్కల అన్ని పల్లెల ఉత్తరాలూ మోసే మనిషికి ఒక్క నంబరు ఏం గుర్తుంటుంది?

పెద్దమ్మ రేకుపెట్టె తెరిచింది. లేవు. రెండు రోజులు పనికి పోలేదు. ఇంట్లో సామానంతా ఎండలోకి తెచ్చి పరిచింది. గాదె కింద చూసింది, చూరు పీకి చూసింది. పెట్టెలోనే పెట్టావా అని నన్నడిగితే, పెట్టానన్నాను. పైపెచ్చు ఆవిడతో కలిసి నేనూ వెతికాను. మంచం కింద దూరి, లేవని తెలిసిన చోట చేయి పెట్టి తడిమాను. నాకంటే పాపిష్టిది ఇంకొకత్తె ఉండదనిపించింది, అయినా నిజం చెప్పలేదు. మూడో రోజు ఆవిడ గునపం తీసుకుని మూలన నేల తవ్వడం మొదలెట్టింది, ఎలుకలు ఈడ్చుకుపోయాయేమోనని. ఆ గునపం చప్పుడు మా ఇంట్లోకి వినపడుతుంటే నేను తట్టుకోలేకపోయాను. బుట్ట తీసుకుని వెళ్లాను.

ఉత్తరాలు ఇందులో ఉన్నాయని చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. బుట్ట లోపలికి చూసింది, బోర్లించి చూసింది. అప్పుడు మొదట్నించీ చెప్పాను, గూడు సంగతి, చూడకుండా చించిన సంగతి. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. ఆవిడ గునపం పక్కన పెట్టి నేల మీద కూలబడింది.

“ఉత్తరం మొత్తం ఒప్పజెబుతావు గదే. ఆ నంబరు చెప్పు,” అంది.

మోకాలి నొప్పి దగ్గర్నుంచి అన్నీ చెప్పగలను. పైన ఉన్న అంకెలు మాత్రం ఏ రోజూ చదవలేదు. అవి కథలో భాగం కాదనుకున్నాను.

“అది నేనెప్పుడూ చదవలా పెద్దమ్మా.”

“ఎన్నిసార్లు చూశావే?”

“చూశాను. చదవలా.”

ఇంటికి పొమ్మంది. అంతే. బుట్ట మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు పోస్టు బంట్రోతు వచ్చినప్పుడు నేను మా అరుగు మీదే ఉన్నాను. నా పేరు బయటికొస్తుందని, అమ్మ చేతిలో నా వీపు చిట్లుతుందని భయపడ్డాను. పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసి, చెదలు తిన్నాయని చెప్పింది. తర్వాత మా అమ్మకూ అదే చెప్పింది, మా మేష్టారికీ అదే చెప్పింది. ఆయన పాపం పేరూ ఊరూ మాత్రం వేసి అర్జీ రాసి పంపారు. నెలన్నరకు జవాబొచ్చింది, నంబరు తెలియజేయవలసిందని.

ఆ జవాబు వచ్చిన సాయంత్రం పెద్దమ్మ నన్ను పిలిచింది, పలక పట్టుకుని రమ్మంది.

“నాకు నేర్పు. నాకొచ్చుంటే ఆ కాగితాలు నీ చేతిలో పెట్టేదాన్ని కాదు,” అంది.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కోపంగా అనలేదు, ఉన్నది ఉన్నట్టు అంది. అఆలతో మొదలుపెట్టబోతే వద్దంది, ముందు అంకెలు చెప్పమంది. యాభై ఏళ్లు దాటిన మనిషి, పత్తికాయ ముళ్లకు పగిలిన వేళ్లతో బలపం పట్టుకుని, ఇంటి ముందు పరిచిన నాపరాళ్ల మీద ఒకట్లూ రెండ్లూ దిద్దింది. వచ్చే పోయేవాళ్లు ఎగతాళి చేశారు. ఏం పిల్లా, కలెక్టరువవుతావా అని పరాచికాలాడారు. ఆవిడ తలెత్తలేదు. అంకెలయ్యాక అక్షరాలు, అక్షరాలయ్యాక గుణింతాలు. నేనూ ఒక్కరోజు కూడా మానలేదు. తొక్కుడుబిళ్లకు పిలిచినా పోలేదు. వేరుశెనక్కాయలు పెట్టబోతే ఒద్దనేదాన్ని.

బుట్టలో బలపాలు వేసి ఉంచుకునేది. నా తప్పు ఒప్పుకున్నాక కూడా, అడుగున ఉన్న ముక్క సంగతి నేను చెప్పలేదు. ఒక్క అంకెతో ఒరిగేదేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం భయం. తెలిసీ కప్పెట్టానంటే ఈసారి క్షమించదనుకున్నాను.

మరుసటేడు వానలకు ఇల్లు కురిసి బుట్ట తడిసింది. నేను మెత్తిన గుజ్జు ఉబ్బి, పెచ్చులా ఊడిపోయింది. నేను వెళ్లేసరికి పెద్దమ్మ గుమ్మంలో వెలుతురుకు బుట్టను ఏటవాలుగా పట్టుకుని చూస్తోంది. నన్ను చూసి కూడా తల తిప్పలేదు. వేలు పెట్టింది.

“ఏడు,” అంది. వేలు కిందికి జరిపింది. “అ... మ్మ... కు.”

రెండోసారి కూడబలుక్కోకుండా చదివింది. తర్వాత నా వైపు తిరిగింది. ఇది నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. మరి చెప్పలేదేమంటే, భయమేసిందన్నాను. బయట వాన చినుకులు పడుతూనే ఉన్నాయి.

“పోనీలే,” అంది చివరికి. “నా బిడ్డ రాసింది నేనే చదువుకున్నా గదా.”

యుద్ధం అయిపోయింది. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చారు. అన్నయ్య రాలేదు. బతికున్నాడో లేడో కబురూ రాలేదు. ఆ నంబరు ఉండి ఉంటే తెలిసేదా? తెలిసేదని అనుకుంటే నిద్ర పట్టదు, తెలిసేది కాదనుకుందామంటే మనసు ఒప్పదు. పెద్దమ్మ బతికున్నన్నాళ్లూ ఊళ్లోకి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ, ఎవరిదైనా సరే, అడిగి తీసుకుని చదివిపెట్టేది. ఆవిడ ఆ ముక్క చుట్టూ మళ్లీ మెంతుల గుజ్జు మెత్తుకుంది, ముక్కను మాత్రం కప్పలేదు.

మొన్న మా మనవరాలు బడిలో చేతిపనికని పాత కాగితాలు చించబోతుంటే చేయి పట్టుకున్నాను. ఏమైంది జేజమ్మా అని బిత్తరపోయింది. ఏమీ లేదని, పక్కన కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చదివించాను. అది విసుక్కుంది, నేను వినిపించుకోలేదు. నాకైతే ఇప్పటికీ ఎవరి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినా క్షేమసమాచారాల దాకా కన్ను పోదు. ముందు పైన మూలన ఉన్న అంకెలు చదువుతాను, పైకే, వినపడేలా.