మీరేంటని అడగని ఇల్లు

పెళ్ళయి రెండేళ్ళు దాటినా దేవకుమారి కాపురం గోనెసంచిలోనే ఉంది. పుట్టింటివాళ్ళు పెట్టిన స్టీలు గిన్నెలు మూతి కట్టినవి కట్టినట్టే మొదట రేపల్లెలో అత్తగారింటి అటకెక్కాయి, తర్వాత తెనాలిలో ఆడపడుచు మంచం కిందికి చేరాయి. భర్త కృపారావు ఎయిర్‌ఫోర్స్‌లో కార్పొరల్. సెలవు మీద వచ్చి పెళ్ళి చేసుకుని, సెలవు అయిపోగానే జోధ్‌పూర్ వెళ్ళిపోయాడు. అక్కడ క్వార్టర్స్ దొరకలేదు.

"మిలటరీవాడి పెళ్ళామంటే పోస్టు డబ్బా లాంటిదే అమ్మాయ్. ఉత్తరాలతో కడుపు నింపుకోవాల" అనేది ఆడపడుచు, అన్నం వడ్డిస్తూ. ఎగతాళే కానీ అందులో ముల్లు లేకపోలేదు. ఎన్నాళ్ళని ఒకరింట్లో వడ్డించిన అన్నం తింటుంది?

తొంభై ఐదు ఎండాకాలంలో కృపారావుకి సూర్యలంక క్యాంపుకి పోస్టింగ్ వచ్చింది. దేశమంతా తిప్పి తిప్పి తెచ్చి ఇంటి పక్కన దించినట్టయింది. సూర్యలంక క్యాంపంటే సముద్రపు ఒడ్డు, సరుగుడు తోపులు, ఇసుక. ఊరంటే బాపట్లే. క్యాంపులో క్వార్టర్స్ కోసం పేరిచ్చినవాళ్ళు అప్పటికే బారులు తీరి ఉన్నారు. బాపట్లలో ఇల్లు దొరికితే బయట కాపురం ఉండడానికి పర్మిషన్ ఇస్తారు. దొరక్కపోతే ఆయన బ్యారక్‌లో, ఆమె తెనాలిలో. అంతే.

దేవకుమారి తెనాలిలో పాసింజర్ ఎక్కి బాపట్లలో దిగి వీధులు పట్టి తిరగడం మొదలుపెట్టింది.

మొదటి ఇంటావిడ గది చూపించింది, బావి చూపించింది, పెరట్లో కరివేపాకు చెట్టు కూడా చూపించింది. అన్నీ అయ్యాక, "ఇంతకీ మీరేంటమ్మా?" అంది.

"రేపల్లె అండి."

"ఊరు కాదమ్మాయ్ నేనడిగేది."

"క్రిస్టియన్స్ అండి."

ఆవిడ కాసేపు కరివేపాకు చెట్టు వంక చూసింది. "ఈ గది మా తమ్ముడు అడుగుతున్నాడమ్మా. మర్చేపోయాను చూడు!"

బాపట్లలో ఇళ్ళవాళ్ళకి ఎంతమంది తమ్ముళ్ళున్నారో ఆ ఎండల్లో దేవకుమారికి తెలిసొచ్చింది. తమ్ముడు లేని ఒకావిడ మాత్రం ఉన్నమాటే చెప్పింది. "మేమూ తింటామమ్మా నీచు. కాకపోతే మీ పొయ్యి మీద వాసన వేరుగా ఉంటది."

కృపారావుకి సెలవు దొరికిన రోజున స్టేషన్ దగ్గర హోటల్లో కలుసుకునేవాళ్ళు. ఇడ్లీ తిని, కాఫీ తాగి, అది చల్లారాక కూడా గ్లాసులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ సంసారమంతా ఆ బల్ల దగ్గరే. సర్వరు వాళ్ళని ఇంట్లో చెప్పకుండా లేచిపోయి వచ్చిన జంట అనుకున్నాడు కాబోలు, అడక్కుండానే మూల బల్ల చూపించేవాడు.

"చర్చి వెనక పేటలో గది ఉందంట. మాణిక్యమ్మగారని, ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరయిందంట" అందొకసారి దేవకుమారి.

కృపారావు గ్లాసు కింద పెట్టాడు. "పేటలోనా? పేట నుంచి బయటపడ్డానికేగా నేను మీసాలు రాకముందే రైలెక్కింది! అక్కడ నేను ఫలానా వాడి కొడుకుని. ఊళ్ళో అయితే ఎయిర్‌ఫోర్స్ సార్‌ని. నలుగురి మధ్యన ఉందాం కుమారీ. ఇంకొన్నాళ్ళు చూడు."

ఆమె వాదించలేదు. ఆయన కోరింది తప్పని ఆమెకి అనిపించలేదు కూడా. లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, మళ్ళీ వీధుల్లో పడింది.

పున్నారావుగారి ఇల్లు అట్లా తిరుగుతుంటేనే దొరికింది. వీధి వైపు వాళ్ళుంటారు. పెరటి వైపు రెండు గదులు, వసారా, తియ్యటి నీళ్ళ బావి. పున్నారావుగారికి కాకుమానులో పొలం. వసారాలో పడక్కుర్చీలో పేపరు చదువుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు. "మీ ఆయన ఏం చేస్తాడమ్మాయ్?"

"ఎయిర్‌ఫోర్స్ అండి."

పేపరు దించాడు. "సూర్యలంక క్యాంపా? అట్టా చెప్పవేం! క్యాంటీన్ కార్డు ఉంటదిగా?"

"ఉంటదండి."

"ఇంకేం మరి. జయలక్ష్మీ, ఆ తాళం తెచ్చి అమ్మాయి చేతికియ్యి."

దేవకుమారి తాళం పట్టుకుని అక్కడే నిలబడింది. తర్వాతి ప్రశ్న కోసం. అది రాలేదు. పున్నారావుగారు మళ్ళీ పేపర్లో పడ్డాడు. ఆ సాయంత్రం రైల్లో ఆమె చేతిలో తాళం వేడెక్కిపోయింది. ఇంటికి రాగానే, "వదినా, ఆ ఊళ్ళో ఒక్క మనిషున్నాడు!" అంది. ఆడపడుచు నమ్మలేదు. "చూడు, ఏం అడుగుతాడో" అంది.

సంచి మూతి విప్పారు. గిన్నెలు అరల మీదికెక్కాయి. జోధ్‌పూర్ మెస్సులో పప్పూ రొట్టే తిని తిని నాలుక చచ్చిపోయిందని కృపారావు గోల. రొయ్యలూ గోంగూరా వండిన రోజున ఆయన మాట్లాడడం మానేసి, కంచంలో తల దూర్చి తిన్నాడు. ఎండుచేపలు మాత్రం పున్నారావుగారి భార్య జయలక్ష్మి ఊళ్ళో లేనప్పుడు చూసి వేయించేది దేవకుమారి. అడగని వాళ్ళకి అడిగే పని ఎందుకు పెట్టాలని ఆమె భయం.

జయలక్ష్మి మంచి మాటకారి. దేవకుమారి ఆవిణ్ణి అక్కా అని పిలిచేది. నెలకోసారి క్యాంటీన్ నుంచి సబ్బులూ బిస్కట్లూ తెచ్చి ఇచ్చేది. "మీ సబ్బు రుద్దుకుంటే నా ఒళ్ళు కూడా సెల్యూట్ కొడతందే!" అని నవ్వేది జయలక్ష్మి.

శనివారం సాయంత్రం క్యాంపులో ఆరుబయట తెర కట్టి సినిమా వేసేవాళ్ళు. ఊళ్ళో ఉన్న కుటుంబాల కోసం బాపట్లకి ట్రక్కు వచ్చేది. హిందీ సినిమా. దేవకుమారికి ఒక్క ముక్క రాదు. సముద్రపు గాలికి తెర ఉబ్బినప్పుడల్లా హీరోయిన్ ముఖం పొట్టలా ముందుకొచ్చేది. కృపారావు చెవిలో తెలుగు చెప్పేవాడు.

"వాడు చచ్చిపోతాడా ఏంటి?"

"చూడరాదూ!"

"ముందే చెప్పండి. చచ్చిపోయేట్టయితే నేను అటు తిరిగి కూచుంటా."

ఇంత సుఖంగా ఉన్నా ఆమెకి కుదురు లేదు. బావి దగ్గర చప్పుడైతే ఎవరో ఇల్లు చూడ్డానికి వచ్చారనుకునేది. పున్నారావుగారు దగ్గితే పిలుస్తున్నాడనుకునేది. ఎందుకో తెలియదు. ఇంత తేలిగ్గా దొరికింది ఇంత తేలిగ్గా ఉండనిస్తుందా అని లోపల ఒకటే గీకుడు.

ఒక సాయంత్రం టిఫిన్ క్యారియర్ తీద్దామని భర్త బ్యాగు తెరిచింది. తువ్వాలు చుట్టి ఏదో బరువుగా తగిలింది. విప్పితే రమ్ము సీసా.

ఆ జనవరి నుంచి రాష్ట్రమంతా మందు బందు. కొట్లన్నీ మూతపడ్డాయి. మిలటరీ క్యాంటీన్‌లో మాత్రం ఎవరి కోటా వాళ్ళకి ఇస్తూనే ఉన్నారు.

"ఇదేంటండీ?"

"పున్నారావుగారికి" అన్నాడు కృపారావు, బూట్లు విప్పుకుంటూ. "చేరిన రోజునే అడిగాడు. ఇదిగో అదిగో అని నెట్టుకొచ్చా. ఇంక బాగుండదు."

"మీరు సరేనన్నారా?"

"నేను తాగుతానా ఏంటి? నా కోటా ఎప్పుడూ ఎవడో ఒకడు పట్టుకుపోయేదే. ఈయనకిస్తే ఏం పోయింది? మనల్ని ఏమీ అడక్కుండా ఇల్లిచ్చిన మనిషి."

దేవకుమారి సీసా చేతిలో పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆమె తండ్రి బర్నబాస్ కూలి డబ్బంతా సారా కొట్లో పోసి, చివరికి ఆ కొట్టు ముందే పడిపోయిన మనిషి. మూడేళ్ళ కిందట, పెళ్ళికి ముందు, రేపల్లె పక్కన వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ కొట్టుకి అడ్డం కూర్చున్నప్పుడు, తల్లి ఏసమ్మ మొదటి వరసలో కూర్చుంది. ఆమె పక్కన దేవకుమారి. లాగి పారేసినా ఏసమ్మ మళ్ళీ వచ్చి అదే చోట కూర్చుంది. సారా ప్యాకెట్లు తగలబెట్టిన మంట వేడి దేవకుమారి ముఖానికి ఇంకా గుర్తే.

"మా అమ్మ మొహం ఎట్టా చూడమంటారు?"

"మీ అమ్మ ఇంత దూరం వచ్చి వాసన చూస్తదా?" అని ఆయన స్నానానికి నీళ్ళు తోడుకోడానికి బావి దగ్గరికి పోయాడు.

ఆయన చేద బావిలో పడేలోపల ఆమె స్నానాల గదిలోకి పోయి సీసా మూత తిప్పి తూములో ఒంపేసింది. ఒంపాక గానీ తెలియలేదు, ఆ వాసన అంత దూరం పోతుందని. పెరడంతా గుప్పుమంది. వీధి వసారాలో పేపరు చప్పుడు ఆగింది. పున్నారావుగారు ముక్కు ఎగబీలుస్తూ, గాలి ఎటు లాగితే అటు నడుస్తూ స్నానాల గది దాకా వచ్చాడు. ఖాళీ సీసా చూశాడు. తూము చూశాడు.

"చెయ్యెట్టా వచ్చింది తల్లీ!" అన్నాడు, ఇంట్లో మనిషి పోయినట్టు.

కృపారావు చేదతాడు పట్టుకుని నిలువునా నీరుగారిపోయాడు. జయలక్ష్మి మాత్రం కిటికీలోంచి చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అక్క నా పక్కే ఉంటుంది అనుకుంది దేవకుమారి.

మర్నాడు కృపారావు డ్యూటీకి పోయాక జయలక్ష్మి గిన్నెలో దోసకాయ పచ్చడి పట్టుకుని వచ్చింది. గడప దగ్గర కూర్చుంది.

"దేవీ, మీ ఆయన చేత ఇంకోటి తెప్పించవూ?"

దేవకుమారి తాను సరిగా వినలేదేమో అనుకుంది. "మీరా అక్కా అడిగేది?"

"నేనే. ఈయన జనవరిలో మానేశాడనుకుంటన్నావా? పొలం వంక పెట్టి కాకుమాను పోయి ఏదో నాటుది తాగొస్తన్నాడు. అందులో ఏం కలుపుతారో ఏంటో! మొన్నొకసారి కళ్ళు మసకలన్నాడు. తలుపు ఎక్కడుందో తడుముకున్నాడే! నీ సీసా అయితే ఇంట్లోనే తాగి ముసుగు తన్ని పడుకుంటాడు. కళ్ళన్నా మిగుల్తాయి."

ఇది దేవకుమారి అనుకోలేదు. మొగాడు అడిగితే కాదనడం ఆమెకి తల్లి నేర్పింది. ఆడది అడిగితే ఏం చెయ్యాలో నేర్పలేదు. తండ్రిని తడుముకుంటూ నడిపించుకొచ్చిన తల్లి కూడా ఒక రాత్రి ఇట్లాగే ఎవర్నైనా అడిగిందేమో.

"ఆస్పత్రికి తీసుకెళ్దాం అక్కా. నేనూ వస్తా."

"వస్తాడా ఆయన? నువ్వు చెప్తే వస్తాడా?"

"నేను తెప్పించలేనక్కా. ఇయ్యాల ఒకటిస్తే నెలనెలా నా చేత్తోనే పోసినట్టు. నా వల్ల కాదు."

జయలక్ష్మి ముఖం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి, మాట మాత్రం కరుకెక్కింది. "మీరేంటని ఒక్క మాట అడక్కుండా ఇల్లిచ్చామే! తెలీక ఊరుకున్నామనుకున్నావా?"

అయితే ఆ ప్రశ్న ఈ ఇంట్లోనూ ఉంది. నాలుక చివర పెట్టుకుని, సీసా వస్తుందని మింగి ఊరుకున్నారు.

"అడగవలసిందక్కా. అడిగితే చెప్పేదాన్ని. దాచుకునేదేం లేదు నా దగ్గర."

జయలక్ష్మి లేచి వెళ్ళిపోయింది. పచ్చడి గిన్నె అక్కడే మర్చిపోయింది. వారం తిరక్కుండానే పున్నారావుగారు వసారాలోంచి, ఆమె వంక చూడకుండా అన్నాడు. "అమ్మాయ్, మా తమ్ముడు కాపురం పెడతన్నాడు ఇక్కడ. మీరు వేరే చూసుకోండమ్మా."

ఆయనకీ ఒక తమ్ముడున్నాడు.

అప్పుడు క్యాంపులో ఫైరింగ్ ప్రాక్టీసు నడుస్తోంది. ఎక్కడెక్కడి యూనిట్లూ వచ్చి దిగాయి. కృపారావుని బయటికి వదలడం లేదు. సముద్రం వైపు నుంచి ఢామ్మని మోత వచ్చినప్పుడల్లా అరల మీద గిన్నెలు గలగలలాడేవి. ఆగితే ఆయన వచ్చి ఏదో సర్దుబాటు చేస్తాడు, ఇంకో సీసాతో. వద్దంటే తెనాలి పోవాలి, ఆడపడుచు ఇంటికి. దేవకుమారి ఆ రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసుకుని, చెప్పులేసుకుని చర్చి వెనక పేటకి నడిచింది.

మాణిక్యమ్మ ప్రశ్నలకి అంతే లేదు. "ఎవరమ్మాయివి? అమ్మ పేరేంటి? ఏ గుడికి పోతారు? మీ ఆయన తాగుతాడా? నువ్వు పాటలు పాడతావా?" అన్నింటికీ దేవకుమారి గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పింది. అన్ని ప్రశ్నలు వేసి ఒక్క తమ్ముణ్ణీ తలవని ఇల్లు అదొక్కటే. పెంకుటిల్లు, మట్టిగోడల గది. సాయంత్రానికల్లా రిక్షాలో సామాను దించింది. బయల్దేరేముందే పచ్చడి గిన్నె కడిగి జయలక్ష్మి గడప మీద పెట్టి, ఎక్కడికి పోతున్నదీ చెప్పింది. జయలక్ష్మి తలుపు చాటు నుంచి ఊఁ అంది.

ఫైరింగ్ ముగిశాక ఆదివారం మధ్యాహ్నం కృపారావు సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు, యూనిఫాంతోనే. సందు మొదట్లోనే ఇద్దరు ముగ్గురు ఆపి ఎవరబ్బాయివని అడిగారు. ముఖం ముడుచుకుని వచ్చి గడప బయటే ఆగాడు.

"ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"చెబితే సీసా తెచ్చేవాళ్ళు."

"దీనికా నేను ఇన్నేళ్ళు ఎడారిలో ఎండింది? తిరిగి తిరిగి పేటకే వచ్చా. నేను బ్యారక్‌లోనే ఉంటా."

"మీ ఇష్టం" అంది దేవకుమారి. "నేను తెనాలి పోను. ఎవరి మంచం కిందా నా సామాను పెట్టను. ఇక్కడ ఏ వాసన వచ్చినా భయపడకుండా వండుకుంటా. చేపల పులుసు ఉంది, తినిపోండి."

ఆయన సైకిల్‌ని గోడకి ఆనించాడు, స్టాండు వెయ్యకుండా. గడప మీదే కూర్చుని తిన్నాడు. రెండోసారి అన్నం అడగలేదు కానీ, ఆమె పెడితే చెయ్యి అడ్డం పెట్టలేదు. తిన్నాక ఉక్కపోతకి చొక్కా విప్పి, తగిలించడానికి చుట్టూ చూశాడు. ఎక్కడా మేకు లేదు. పొయ్యి దగ్గర రాయి తీసుకుని, సంచిలో దొరికిన మేకు ఒకటి గోడకి కొట్టాడు. మట్టి రాలి మేకు ఊడొచ్చింది. జానెడు పక్కన ఇంకోచోట కొట్టాడు. అదీ నిలవలేదు.

"గోడంతా పొడుస్తన్నావేంటయ్యా ఎయిర్‌ఫోర్సూ!" అని బయటి నుంచి కేక వేసింది మాణిక్యమ్మ.

కృపారావు చొక్కా భుజాన వేసుకుని, రాలిన మట్టిని కాలితో మూలకి నెట్టాడు.

"రేపు కాస్త సిమెంటు తెచ్చి పూడుస్తాలే పిన్నీ" అన్నాడు.