ఓడ ఎక్కేవాళ్లకు గిద్యోనుగారి హితబోధ

అల్లూరులో రొయ్యల మేత అమ్మే గిద్యోనుగారు రెండుసార్లు విలాస నౌక ఎక్కిన మనిషి. రెండుసార్లూ మేత కంపెనీవాళ్లే డీలర్లందరినీ పోగు చేసి తీసుకెళ్లారు. ఆ సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. అలాగని ముందుగా చెప్పనూ లేదు. అల్లూరికి సముద్రం కొత్తేమీ కాదు. రోజూ దాని మీదికి పోయి వచ్చేవాళ్లు ఆ చుట్టుపక్కల కొల్లలుగా ఉన్నారు. కానీ వాళ్లు పోయేది చేపల కోసం. ఏ పనీ లేకుండా సముద్రం మీదికి పోయి, తిని, పడుకుని, మళ్లీ తిని తిరిగొచ్చిన ఘనుడు గిద్యోనుగారొక్కరే. అందుకని ఊరు ఆయనకు ఓడ గిద్యోను అని పేరు పెట్టింది. పెట్టినవాళ్లు వెటకారంగానే పెట్టారు. పుచ్చుకున్నాయన మాత్రం బిరుదుగా పుచ్చుకున్నాడు.

జ్ఞానమంటూ ఒకసారి వచ్చాక మనిషిని ఊరికే కూర్చోనివ్వదు. మేత కోసం వచ్చిన రైతు బస్తా భుజానికెత్తుకునేలోగా ఓడలో గది ఎక్కడ తీసుకోవాలో విని పోవలసిందే.

"గది ఎప్పుడూ కింది అంతస్తులో, నట్టనడిమిన తీసుకోవాల. పైన తీసుకున్నావా, ఊపుడికి పేగులు నోట్లోకొస్తయ్. బస్సులో వెనక చక్రం మీద సీటు కావాలని ఎవుడన్నా అడుగుతాడా?"

"అది సరే అన్నా, గుంటలో రొయ్య తేలతా ఉండాది. మందేదన్నా చెప్పు."

"చెప్తా, చెప్తా. ముందిది విను. ఓడెక్కంగానే ఫోను విమానం గుర్తు మీద పెట్టెయ్."

"ఓడలో విమానమేందన్నా?"

"అదే మరి! అనుభవం లేనోళ్లకి అట్టనే ఉంటది."

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఈ బోధ మరికాస్త గంభీరమయ్యేది. బఫే గురించి ఆయన చెప్పే మాటలు సంఘంలో చాలామందికి కంఠతా వచ్చు. "పళ్లెం పట్టుకోంగానే మొదటి బల్ల దగ్గర పడిపోబాకండి. అక్కడ పెట్టేదంతా రొట్టె, బంగాళాదుంప, అన్నం. కడుపు నింపి పంపించేదానికి వాళ్లు పన్నిన వల అది. ఖాళీ పళ్లెంతో, సైన్యం యెరికో కోట గోడ చుట్టూ తిరిగినట్టు ఒక చుట్టు తిరగండి. అప్పుడు దిగండి యుద్ధానికి." సంఘ కార్యదర్శి క్రీస్తురాజుగారు ఈ ఉపమానం విన్నప్పుడల్లా తలాడించేవారు. పాస్టరుగారి ప్రసంగానికి ఆయన తల అంతగా ఆడేది కాదు.

ఊరంతా నమ్మినా ఒక్క మనిషి నమ్మలేదు. ఆమె గిద్యోనుగారి వియ్యపురాలు, ఆనందకుమారిగారు. విడవలూరు హైస్కూల్లో ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి రిటైరయ్యారు. ఆమె ఎదుట చెప్పిన ఏ మాటైనా దిద్దడానికిచ్చిన జవాబు పత్రంలా మారిపోయేది. వియ్యంకుడు ఓడ ప్రస్తావన ఎత్తగానే కళ్లద్దాలు సర్దుకుని, "అన్నయ్యగారూ, ఓడ మీకు తెలుసు, సరే. ఓడకి మీరు తెలుసా?" అనేవారు. ఎంత ఆలోచించినా ఈ ప్రశ్నకు గిద్యోనుగారికి సమాధానం దొరకలేదు. ప్రశ్నే అర్థం కాలేదని ఆయన భార్య డెబోరమ్మ అభిప్రాయం.

ఇలా ఉండగా నెల్లూరులో కాపురముంటున్న పిల్లలిద్దరూ, అంటే గిద్యోనుగారి కొడుకు క్రాంతి కుమార్, ఆనందకుమారిగారి కూతురు కలిసి, పెద్దవాళ్లను చెన్నై నుంచి శ్రీలంక దాకా పోయొచ్చే ఓడ ఎక్కించాలని తీర్మానించారు. సంగతి తెలిసి క్రీస్తురాజుగారు, ఆయన భార్య అబిగయీలమ్మ తామూ వస్తామన్నారు. గిద్యోనుగారుండగా ఓడెక్కకపోతే దారి చూపే మోషే ఉండగా ఐగుప్తులో బానిసలుగా ఉండిపోయినట్టేనని క్రీస్తురాజుగారి వాదన.

గిద్యోనుగారికి మాత్రం ఇది యాత్ర కాదు, పరీక్ష. శ్రీలంక కనిపించినా కనిపించకపోయినా ఫరవాలేదు. ప్రయాణం ముగిసేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వియ్యపురాలి నోటి వెంట "అన్నయ్యగారు చెప్పింది నిజమే" అన్న ముక్క రావాలి. పిల్లల పెళ్లినాడు కూడా ఆయన ఇంత పట్టుదలగా ప్రార్థన చేయలేదు.

మొదట్లో అంతా ఆయన చెప్పినట్టే జరుగుతూ వచ్చింది. ఒకరోజు ముందే చెన్నై చేరి లాడ్జిలో దిగాలన్నాడు. "ఓడ మన ప్యాసింజరు రైలు కాదు, చెయ్యెత్తితే ఆగేదానికి" అన్నాడు. దిగారు. ఓడ ఎక్కేరోజు వాన పడి దారులన్నీ మూసుకుపోయి, ఎందరో పెట్టెలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొస్తుంటే, అల్లూరు బృందం పొడిబట్టలతో వరసలో ముందు నిలబడింది. ఇంటి కూరలు లోపలికి రానివ్వరన్నాడు. డెబోరమ్మ వినకుండా తెచ్చిన చేపల పులుసు డబ్బాను రేవు తనిఖీవాళ్లు పక్కన పెట్టేశారు. సీలు వేసిన మిఠాయి పెట్టెలను మాత్రం వదిలారు. పెద్ద సామాను గదికి ఆలస్యంగా వస్తుంది, మందులూ మార్చుకునే బట్టలూ చేతిసంచిలో పెట్టుకోమన్నాడు. ఆనందకుమారిగారికి బీపీ మాత్ర వేళకు చేతికందింది.

గదులు కింది అంతస్తులో, నట్టనడిమిన. పక్కపక్కనే. పెట్టెలు వచ్చి తలుపు ముందు నిలిచాయి. ఆనందకుమారిగారు వియ్యంకుడి గదిలో కుర్చీలో కూర్చుని, మాత్ర మింగి, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, ఆయన వైపు చూశారు. పెదవులు కదిలాయి. ఆ మాట వచ్చేదే.

సరిగ్గా అప్పుడు సైరను మోగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఓడ బయల్దేరే ముందు ప్రయాణికులందరినీ సైరనుతో పిలిచి, ఆపద వస్తే ఎక్కడికి చేరాలో, లైఫ్ జాకెట్టు ఎలా కట్టుకోవాలో చూపించడం ఓడల ఆచారం. గిద్యోనుగారి తొలి రెండు ప్రయాణాల్లోనూ ఈ ఆచారం జరిగింది. కానీ అప్పుడు కంపెనీవాళ్లు డీలర్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టారు, తెర మీద ఇంగ్లీషులో ఏదో సినిమా మొదలైంది. అది కొత్త మేత గురించి అనుకున్నాడాయన. మేత సినిమా మొదలవగానే నిద్రపోవడం ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. సైరను మోగిందేమో ఆయనకు తెలియదు. పక్కన కూర్చున్నవాళ్లకు ఆయన గురక మాత్రం తెలుసు.

ఇప్పుడు డెబోరమ్మ, వియ్యపురాలు ఇద్దరూ ఆయన మొహంలోకి చూస్తున్నారు. పక్క గదిలోంచి క్రీస్తురాజు దంపతులు పరిగెత్తుకొచ్చారు. గోడలోని స్పీకరు ఇంగ్లీషులో ఏదో చెబుతోంది.

"డ్రిల్లు అంటున్నారే, అన్నయ్యగారూ. భయపడాల్సిన పని లేదంటున్నారు" అన్నారు ఆనందకుమారిగారు.

ఆ మాటతో గిద్యోనుగారి సందేహం తీరిపోయింది. "భయపడాల్సిన పని లేదన్నారా? ఐతే తుఫానే! మనకి కలెక్టరాఫీసు నుంచి ఎప్పుడొచ్చినా మొదట ఆ మాటే గదా వచ్చేది? పని లేదన్న మర్నాడే గదా మా షెడ్డు రేకులు ఎగిరిపొయ్యింది? డెబోరా, నీళ్లు పట్టు!"

తీరాన పుట్టి పెరిగినవాళ్లకు తుఫాను కబురు చెవిన పడితే చేతులు వాటంతటవే కదులుతాయి. కరెంటు పోతుంది, మోటారు ఆడదు, కాబట్టి ముందు నీళ్లు. డెబోరమ్మ పళ్లు తోముకునే గ్లాసులూ, ఐసు ముక్కలు పెట్టే బకెట్టూ, చివరికి పూలు తీసేసి పూలకుండీ కూడా నింపింది. కరెంటు పోతే ఫ్రిజ్జులో సరుకు పాడవుతుంది, కాబట్టి అది ముందే తినేయాలి. ఈ బాధ్యత క్రీస్తురాజుగారు తీసుకున్నారు. గదిలోని చిన్న ఫ్రిజ్జులో ఉన్న చాక్లెట్లూ జీడిపప్పులూ ఒక్కటి మిగల్చకుండా, ఎంతో విచారంగా తినేశారు. అబిగయీలమ్మ దుప్పట్లు చుట్టింది. గిద్యోనుగారు పాస్‌పోర్టులూ ఆధారు కార్డులూ ప్లాస్టిక్ సంచిలో వేసి నడుముకు కట్టుకున్నాడు. ఆనందకుమారిగారు "డ్రిల్లండీ, డ్రిల్లు" అంటూనే లైఫ్ జాకెట్టు తొడుక్కున్నారు. చదువు వేరు, తుఫాను వేరు.

అందరూ చేరవలసిన చోటు ఒక నాట్యశాల. అక్కడ మిగతా ప్రయాణికులు ఫోన్లు చూసుకుంటూ, రంగురంగుల పానీయాలు తాగుతూ నిలబడి ఉన్నారు. ఆరంజి రంగు జాకెట్లతో, పెట్టెలతో, తొణుకుతున్న బకెట్టుతో అల్లూరు బృందం లోపలికి నడిచింది. గిద్యోనుగారు తుఫాను షెల్టరు పద్ధతి ప్రకారం కిటికీలకు దూరంగా, లోపలి గోడ వారగా చోటు ఎంచాడు. దుప్పట్లు పరిచారు. అబిగయీలమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన అందుకుంది.

సూళ్లూరుపేట నుంచి కుటుంబంతో వచ్చిన బియ్యం వ్యాపారి పద్మనాభయ్య వీళ్లను చూసి గబగబా వచ్చాడు. "ఏందన్నా సంగతి?"

"ఏం చెప్పేది అన్నా. మీ సామాను యాడుంది?"

"గదిలో."

"గదిలోనా!" అన్నాడు గిద్యోనుగారు. ఆ ఒక్క మాట చాలింది. పద్మనాభయ్య పరిగెత్తాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, ఇంకొకర్ని చూసి పదిమంది. చూస్తుండగానే నాట్యశాల సగం పెట్టెలతో, పడుకున్న పిల్లలతో, పూలకుండీల్లో నీళ్లతో నిండిపోయింది. ఎవరో పొట్లాలు విప్పారు. డెబోరమ్మ మిఠాయి పంచింది.

తెల్లని దుస్తుల్లో ఓడ ఆఫీసరు వచ్చింది. విశాఖపట్నం పిల్ల. "సార్, ఇది డ్రిల్. అయిపోయి కూడా చాలాసేపయింది. దయచేసి గదులకు వెళ్లండి."

"అమ్మాయ్, నిన్ను పైనుంచి అట్ట చెప్పమనుంటారు. నీ తప్పు లేదు" అన్నాడు గిద్యోనుగారు అనునయంగా. "మేం ధైర్యస్తులమే. నిజం చెప్పు. తీరం ఎప్పుడు దాటుతుంది?"

"ఏది సార్?"

"తుఫాను."

ఆ పిల్ల ఆయన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి తెర పక్కకు లాగింది. బయట చెన్నై రేవు ఎక్కడిదక్కడే ఉంది. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఓడను కట్టేసిన లావుపాటి తాడు పక్కన ఒకాయన తీరిగ్గా కూర్చుని టీ తాగుతున్నాడు. తాడు ఇంకా విప్పలేదు.

గిద్యోనుగారు ఆ టీ గ్లాసు చూశాడు. వెనక్కి తిరిగితే ఆనందకుమారిగారు నిలబడి ఉన్నారు, కళ్లద్దాలు సర్దుకుంటూ.

"ఇది నాకు తెలీదు, చెల్లెమ్మా" అన్నాడు. ఓడల విషయంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. ఒంట్లో బాగాలేదేమోనని డెబోరమ్మ ఆయన నుదురు తాకి చూసింది.

వియ్యపురాలు ఏదో అనబోయారు. కానీ అప్పటికి అసలు సమస్య వేరే అయింది. జనం కదలడం లేదు. "ఆయన్ని చెప్పమను, లేస్తాం" అంటున్నాడు పద్మనాభయ్య, పెట్టె మీద కూర్చుని. ఆఫీసరు గత్యంతరం లేక మైకు తెచ్చి గిద్యోనుగారి చేతిలో పెట్టింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ప్రయాణికులకు మనవి. భయపడాల్సిన పని ఏమీ లేదు."

సగం లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది.

ఆనందకుమారిగారు మైకు లాక్కున్నారు. "లేవండి!" అన్నారు. అది సలహా కాదు. విడవలూరు హైస్కూలు ప్రార్థన మైదానంలో ముప్పై ఏళ్లు పదును పట్టిన గొంతు. "ఎవరి సామాను వాళ్లు తీసుకోండి. వరసలో నిలబడండి. తోసుకుంటే ఊరుకోను!" మొత్తం నాట్యశాల లేచి నిలబడింది. ఆఫీసరు పిల్ల కూడా తెలియకుండానే చేతులు కట్టుకుంది.

ఆ క్షణం నుంచి జనానికి పెద్దదిక్కు మారింది. సామాను గదుల్లో పెట్టి వచ్చాక అందరూ ఆమె వెంటే నడిచారు. "మేడమ్, భోజనం యాడ పెడతారు?" అనడిగాడు పద్మనాభయ్య.

ఆనందకుమారిగారు ఓడెక్కి ఇంకా ఒక పూట కాలేదు. భోజనశాల ఎక్కడుందో ఆమెకు తెలియదు. కానీ పిల్లల ముందు 'తెలియదు' అనే ఉపాధ్యాయిని ఎక్కడుంటుంది? "ఐదో అంతస్తు" అన్నారు.

మునుపు రెండుసార్లూ ఎక్కింది ఈ ఓడే కాబట్టి, భోజనశాల పదకొండులో ఉందని గిద్యోనుగారికి తెలుసు. ఓడ మొత్తం మీద ఆయన ఎన్నటికీ మరిచిపోలేని సంగతి అదొక్కటే. అయినా లిఫ్టులో ఐదే నొక్కాడు.

ఐదో అంతస్తులో పొడుగాటి ఎర్ర తివాచీ, రెండు వైపులా మూసిన తలుపులు తప్ప ఏమీ లేవు. వంట వాసన కూడా లేదు. వెనక లిఫ్టుల్లోంచి, మెట్ల మీంచి జనం దిగుతూనే ఉన్నారు. అందరి చూపులూ ఆనందకుమారిగారి మీద ఆగాయి. ఆమె చెయ్యి కళ్లద్దాల దగ్గరికి పోయి, వాటిని సర్దకుండానే కిందికి వచ్చింది.

"చెల్లెమ్మ చెప్పింది సరిగ్గా ఇందుకే" అన్నాడు గిద్యోనుగారు ముందుకొచ్చి. "ఓడలో లిఫ్టెక్కి నేరుగా భోజనానికి పొయ్యేవాడంత అమాయకుడు లేడు. ఆకలి పుట్టాల గదా? అనుభవం ఉన్నోళ్లందరూ ఐదులో దిగి, ఇక్కణ్ణుంచి పదకొండు దాకా మెట్లెక్కుతారు. అప్పుడు చూడండి, తిన్నది తిన్నట్టు అరుగుతుంది!"

"అట్ట చెప్పండి మరి" అన్నాడు పద్మనాభయ్య. పంచె ఎగ్గట్టి మెట్ల వైపు దారి తీశాడు. జనం వెంట నడిచారు.

ఆనందకుమారిగారు వియ్యంకుడి వైపు తేరిపార చూశారు. ఆయన అబద్ధం చెప్పాడని ఆమెకు తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసు. ఆమె కొంగు దోపుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వెనకున్న వాళ్లందరికీ వినిపించేలా గొంతెత్తి అన్నారు:

"అన్నయ్యగారు చెప్పింది నిజమే."

డెబోరమ్మ మాత్రం మోకాళ్లు పట్టుకుని, ఆ మాట వినిపించనట్టే, మళ్లీ లిఫ్టెక్కింది.