నాలుగు టైర్లూ ఒకేలా ఉండాలి

ఆ కారంటే నాకు మొదటి రోజు నుంచీ పడదు. పడదని పైకి అనడానికి లేదు, ఎందుకంటే మా ఆయన ఎంతో మోజుపడి కొన్నాడు. జపాన్‌లో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి మా ఫిజీలో లౌటోకా రేవులో దిగిన బండి. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. అయిదుగురం ఇరుక్కోకుండా కూర్చోవచ్చు. చూడ్డానికి అందరి కార్ల లాంటిదే గానీ, డిక్కీ మీద ఒక మూల వెండి అక్షరాలు ఉండేవి, నాలుగు చక్రాలూ లాగే బండి అని. ఆ అక్షరాలు చూసే ఈయన పడిపోయాడు. "వానాకాలంలో కూడా రాకిరాకికి మీ అమ్మ దగ్గరికి వెళ్లిరావచ్చు" అని నాకూ ఆశ పెట్టాడు.

వెళ్లొచ్చాం, కాదనను. కానీ ఆ బండితో కాపురం చేసింది నేను. ఆయన సగం రోజులు సూవాలో పని మీద ఉండేవాడు. లౌటోకా పక్కనే నటబువాలో ఇల్లు, ఊళ్లో నా ఆఫీసు, పిల్లల బడి, బజారు, అన్నిటికీ నేనే తోలాలి. పెట్రోలు నీళ్లలా తాగేది. తాళం తిప్పగానే లోపలి నుంచి ఒకావిడ జపాన్ భాషలో ఏదో చెప్పేది. ఏం చెబుతోందో మాకెవరికీ తెలీదు. పిల్లలు "సరేనమ్మా" అని జవాబు చెప్పేవాళ్లు. నవ్వుకునేవాళ్లం గానీ, ఒకవేళ ఆవిడ ఏదైనా హెచ్చరిక చేస్తోందేమోనని నాకు లోపల పీకుతూనే ఉండేది.

ఇంక జనం. ఫోర్‌వీల్ అని చెవిన పడితే చాలు, అది లారీ అనుకునేవాళ్లు. గుడిలో వంట ఉంటే పెద్ద గిన్నెలు మా డిక్కీలోకే, డ్రెకేటి నుంచి వచ్చే బియ్యం బస్తాలు మా వెనక సీటు మీదకే. చెరకు తోటల్లో ఎవరింటికైనా వెళ్తే "మీది ఫోర్‌వీల్ కదా, లోపలిదాకా వచ్చేయండి" అని చేతులూపుతూ పిలిచేవాళ్లు. లోపలిదాకా వెళ్తే బండి పొట్ట రాళ్లకి గీసుకుని కర్రుమనేది. చక్రాలు నాలుగూ లాగితే లాగాయి గానీ బండి పొట్ట పైకెత్తుకోదు కదయ్యా అని ఎంతమందికి చెప్పానో! ఎవరికీ ఎక్కలేదు. ఫోర్‌వీల్ కొనుక్కుని గుమ్మం దాకా రాదట, ఎంత టెక్కో చూశావా అని వెనక అనుకున్నారు.

మొదటిసారి సర్వీసుకి ఇచ్చినప్పుడు మెకానిక్ ఒక మాట చెప్పాడు. ఆయన ఫిజియన్, మాకన్నా మంచి హిందీ మాట్లాడేవాడు. "దీదీ, దీనికి నాలుగు టైర్లూ ఒకేలా ఉండాలి. ఒకే సైజు, ఒకేలా అరిగినవి. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చు. రెండు కొత్తవి, రెండు అరిగి గుండయినవి వేసి తిప్పావంటే ముందు చక్రాలొక రకం, వెనక చక్రాలొక రకం తిరుగుతాయి. మధ్యలో ఉన్న సామాను ఉడికిపోయి పట్టేస్తుంది." మా ఆయన పంతులు చెప్పేది విన్నట్టు తలూపాడు. నేను మాత్రం చెవులారా విన్నాను. వినలేదని అనడానికి నాకు దారి లేదు.

మా వాళ్లలో టైర్లకి ఒక పద్ధతుంది. బండికి ఏటా ఫిట్‌నెస్ తనిఖీ ఉంటుంది. అరిగిన టైర్లతో వెళ్తే ఫెయిల్ చేసి పంపేస్తారు. అందుకని తనిఖీ ముందురోజు ఎవరి దగ్గర మంచి టైర్లుంటే వాళ్ల ఇంటికి ఫోను వస్తుంది. చక్రాలు విప్పి ఇస్తాం, వాళ్ల పాతవి మనం బిగించుకుంటాం, పని అయ్యాక మళ్లీ మార్చుకుంటాం. ఇందులో ఎవరికీ తప్పు కనిపించదు. పెళ్లికి పక్కింటి గంగాళం తెచ్చుకున్నంత మామూలు. కాదంటే మాత్రం మనిషి చెడ్డదైపోతుంది.

నేను కాదనేదాన్ని. మా ఆయన తరఫు వాళ్లు ఇద్దరు ముగ్గురికి మొహం మీదే చెప్పేశాను, ఈ బండికి అలా కుదరదని. "టైర్లకి కూడా కులం ఉంటుందా వదినా?" అని ఒకాయన ఎగతాళి చేశాడు. ఒళ్లు మండిపోయింది. అయినా ఇవ్వలేదు. ఆ పేరు మోశాను, ఫర్వాలేదనుకున్నాను.

తరవాత అడిగింది మా అమ్మ.

అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఫిజీలోనే పుట్టింది, ఇండియా ఎలా ఉంటుందో చూడలేదు. వాళ్ల నాన్న దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకుంది. మా అందరి నోళ్లలో ఆడేది హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అమ్మతో మాత్రమే. నేనీ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అమ్మ చెవి మెలేసి నేర్పిన చలవే. రాకిరాకి చుట్టుపక్కల ఎవరింట్లో పూజకి వ్రతకథ చదివించుకోవాలన్నా అమ్మే వెళ్లాలి. తెలుగు పుస్తకం తెరిచి చదవగలిగినవాళ్లు అక్కడ ఇంకెవరూ మిగల్లేదు. వినేవాళ్లలో సగం మందికి అర్థం కాదు, అయినా అమ్మ గొంతు వినపడితే గానీ పూజ అయినట్టుండదు. నాన్న పోయాక అమ్మని లేపి నిలబెట్టింది ఆ పుస్తకాలే.

అప్పటికే అమ్మకి కుడి కన్ను పోయింది. ఎడమ కంట్లో కూడా ఒత్తిడి పెరుగుతోందని, చుక్కల మందుకి లొంగడం లేదని, ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు నిలబడుతుందని చెప్పారు. ఆ ఆపరేషన్ చేసే డాక్టర్లు బయటి దేశం నుంచి ఏడాదికొకసారి వచ్చి, వారం రోజులుండి వెళ్లిపోయేవాళ్లు. ఆ ఏడు జాబితాలో అమ్మ పేరు ఎక్కించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆఖరి రోజున, గురువారం పొద్దున ఏడింటికి, లౌటోకా ఆసుపత్రికి రమ్మన్నారు. ఆలస్యమైతే ఆ చోటు వెనక కాచుకున్నవాళ్లకి పోతుందని నర్సు నాకు రెండుసార్లు చెప్పింది.

దానికి రెండు వారాల ముందు అమ్మ ఫోను చేసింది. "ఏమే, తమ్ముడి టాక్సీకి ఫిట్‌నెస్ అంట. వెనక టైర్లు రెండూ గుండయిపోయాయి. నీవి రెండు ఇవ్వకూడదూ?"

"ఈ కారుకి కుదరదమ్మా."

"పరాయివాడికా? వాడు టాక్సీ ఆపుకుని కూచుంటే ఇల్లెలా గడుస్తుంది? నీకు ఇంకో రెండుంటాయి కదా."

మా తమ్ముడు అమ్మతోనే ఉంటాడు. అమ్మ తిండీ మందూ అన్నీ వాడే చూస్తాడు. నేను నటబువాలో కూచుని ఫోన్లు చేసే కూతుర్ని. ఆ మొహమాటంతోనే సరేనన్నాను. పైగా తెలివిగా రెండే ఇచ్చాను. రెండిచ్చి రెండు దాచుకున్నానని లోపల తృప్తి పడ్డాను కూడా! మొత్తం నాలుగూ ఇచ్చేసి, నాలుగూ గుండు టైర్లే వేసుకుని తిరిగినా ఆ బండికేమీ అయ్యేది కాదు. మెకానిక్ చెప్పింది విన్న మనిషిని, ఆ మాత్రం ఆలోచన లేకపోయింది.

మూడు రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు తమ్ముడు. వానలు పట్టుకున్నాయి, తనిఖీ వాయిదా పడింది, మళ్లీ పడింది. చివరికి వాడికి దొరికిన రోజు కూడా ఆ గురువారమే.

బుధవారం ఆఫీసు అయ్యాక నేనే రాకిరాకి వెళ్లాను. అమ్మని ముందే తెచ్చుకుని ఉండాల్సింది. ఆ సాయంత్రం ఎవరింట్లోనో కథ చదువుతానని మాటిచ్చిందట, రానని కూర్చుంది. దారిలో మలుపు తిప్పినప్పుడల్లా బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు గుంజింది. కాలిన వాసన కూడా వచ్చింది. తమ్ముడితో చెబితే వాడు వెంటనే జాకీ పట్టుకుని లేచాడు. "ఇప్పుడే మార్చేద్దాం అక్కా. ఫిట్‌నెస్ పోతే పోయింది."

"రేపు నీ పని కానీరా" అంది అమ్మ.

నేను కూడా, "ఒక్క పూటే కదా, ఉండనీ" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. అమ్మ కొత్త చీర కట్టుకుంది, డాక్టర్లు దూరం నుంచి వచ్చారు కదా అని. తవువా ఊరు దాటాక బండి బరువెక్కింది. ఎంత తొక్కినా హ్యాండ్‌బ్రేకు వేసినట్టే ఉంది. తరవాత అడుగు నుంచి ఒక మూలుగు, ఘాటైన వాసన, ఆగిపోయింది. చుట్టూ చెరకు తప్ప ఇంకేమీ లేదు. తమ్ముడికి ఫోను చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. మొబైళ్లు కొత్తగా వచ్చిన రోజులు, ఒకచోట పలికితే ఒకచోట పలికేవి కావు.

చల్లారితే కదులుతుందేమోనని ఆగాను. అరగంటకి నిజంగానే కదిలింది. ఒక మైలు పోయింది, మళ్లీ పట్టేసింది. మళ్లీ ఆగాను. అప్పుడే వెనక నుంచి లౌటోకా బస్సు లైట్లు కనిపించాయి.

"బస్సు ఆపవే, ఎక్కేద్దాం" అంది అమ్మ.

"ఉండమ్మా, ఇందాక కదిలింది కదా, ఇప్పుడూ కదులుతుంది."

కారు రోడ్డు మీద వదిలేస్తే ఎవరైనా సామాన్లు పీక్కుపోతారని నా భయం. నా పాడు బుద్ధి! బస్సు మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. ఆ బస్సు ఏడూ పావుకి లౌటోకా చేరేది. పావుగంట ఆలస్యానికి బతిమాలుకుంటే వినేవాళ్లేమో. ఇది నేను కొన్ని వందలసార్లు లెక్క వేసుకున్నాను.

బండి ఇంక కదల్లేదు. నేను గుట్టెక్కి సిగ్నల్ వెతుక్కుని తమ్ముడికి చేశాను. వాడు అప్పుడే తనిఖీకి బయల్దేరుతున్నాడు. అది వదిలేసి వచ్చాడు, ఎంత తొక్కుకుంటూ వచ్చినా వాడు చేరేసరికి తెల్లగా తెల్లారింది. వాడి టాక్సీకి వెనక నా మంచి టైర్లు రెండూ నిగనిగలాడుతున్నాయి. వాటి మీదే మేము లౌటోకా వెళ్లాం. చెరకు లారీల వెనక పాకుతూ పాకుతూ, తొమ్మిదిన్నరకి. దారి పొడుగునా తమ్ముడు "క్షమించక్కా, క్షమించక్కా" అంటూనే ఉన్నాడు. "నోర్మూసుకుని తోలరా" అని అరిచాను. వాడి తప్పేముంది దాంట్లో?

నర్సు నన్ను చూసి తల దించుకుంది. అమ్మ చోటులో ఇంకొకావిడని ఎనిమిదింటికే లోపలికి తీసుకెళ్లారు. నేను అరిచాను, ఏడ్చాను, మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చున్నాను. మిగిలిన చోట్లు కూడా నిండిపోయాయి. కొత్త చుక్కల మందిచ్చి, వచ్చే ఏడు తప్పకుండా మొదటి పేరు మీదే అన్నారు.

ఆ కారుని మా ఆయన లారీ మీద తెప్పించి మెకానిక్‌కి అప్పగించాడు. మెకానిక్ వంగి ముందు టైర్లు చూశాడు, వెనక టైర్లు చూశాడు, నా వైపు చూశాడు. నన్ను తిట్టినా బాగుండేది. జాకీ తెచ్చుకుని పని మొదలుపెట్టాడు. బాగుచేశాక అది మళ్లీ మా ఇంటికే వచ్చింది. రోజూ పొద్దున్నే తాళం తిప్పడం, ఆ జపాన్ ఆవిడ మాట వినడం. అమ్మేయండి అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఇప్పుడు బాగానే ఉంది కదా అనేవాడు ఆయన.

ఆ ఏడాదంతా అమ్మ పుస్తకం రోజురోజుకీ మొహానికి దగ్గరగా పెట్టుకుంటూ వచ్చింది. తరవాత పేజీలు తిప్పుతూ కంఠతా వచ్చినవే చదివేది. వినేవాళ్లెవరూ కనిపెట్టలేదు. నాకు తెలిసిపోయింది, ఒకసారి పుస్తకం తలకిందులుగా పట్టుకుంది. లోపలికెళ్లి కుళాయి విప్పుకుని ఏడ్చాను.

మళ్లీ డాక్టర్లు వచ్చే వారానికి పది రోజుల ముందే అమ్మని నటబువా తెచ్చేశాను. ఆ పొద్దున ఆరింటికే వెళ్లి కూర్చున్నాం. మొదటి పేరు అమ్మదే పిలిచారు. డాక్టరు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. ఇంకో డాక్టరుని పిలిచి చూపించాడు. తరవాత కుర్చీ నా వైపు తిప్పుకుని ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు, చూపు నరం పూర్తిగా పోయింది, ఆపరేషన్ చేసినా ఇక లాభం లేదు అని. కిందటేడు చేసి ఉంటే, అని ఏదో అనబోయి ఆగిపోయాడు.

అమ్మకి ఇంగ్లీషు రాదు. "ఏమంటున్నాడే? ఎన్నింటికి చేస్తాడంట?" అని నా గొంతు వచ్చినవైపు మొహం తిప్పింది. ఆ రోజూ కొత్త చీరే కట్టుకుంది.

"ఈసారికి కాదంట అమ్మా. వచ్చే ఏడు రమ్మంటున్నాడు" అన్నాను.

అమ్మ కుర్చీలోంచి లేచింది. తడుముకుని నా చెయ్యి పట్టుకుంది.

"అయితే ఈసారి టైర్లు ఎవరికీ ఇవ్వకే" అంది. "నేనడిగినా సరే."