ఐసులో ముంచిన తెలివి

ఎనభైల నాటి ఆ రోజుల్లో, చేతికి కొత్తగా డిగ్రీ వచ్చిన పిల్లకి తెలియని విషయమంటూ ఉండేది కాదు, అందులోనూ నాకు. ఒంగోలు దాపున ఆంబోతుల వీర్యం సేకరించి ఊళ్లకి పంపే కేంద్రంలో ల్యాబు ఉద్యోగం దొరికింది. (చర్చి బడిలో పంతులైన మా నాన్న, అడిగినవాళ్లకి "మా అమ్మాయి మైక్రోస్కోపు చూస్తుంది" అని చెప్పి, అందులో ఏం చూస్తుందో అడిగేలోపే ప్రార్థనకి టైమైందంటూ లేచేవాడు.) 'పెద్దోడు' అనే తెల్లటి ఆంబోతు వీర్యకణాలు ఎంత చురుగ్గా ఈదుతున్నాయో చూసి రాయడం నా పని. వీర్యంలో చక్కెర ఉంటుందనీ, కణాల్లోని ఎంజైములు దాన్నించి శక్తి తీస్తేనే తోకలు ఆడతాయనీ డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు.

ఆ పాఠమే నా కొంప ముంచింది. మే నెల, కాళ్లు బొబ్బలెక్కే ఎండ. ఈ వేడికి పాపం ఆ చక్కెరంతా నేను చూసేలోపే ఖర్చయిపోదూ? (మా ఇంట్లో పాలైనా పెరుగైనా పాడవుతుందంటే చల్లటిచోట పెట్టడమే ఎరుగుదుం.) సోడా కొట్లో ఐసు కొని ఫ్లాస్కులో దాచి, అప్పుడే సేకరించిన వెచ్చటి వీర్యం గొట్టాన్ని ఎవరికీ చెప్పకుండా అందులో దించాను. ఒక్క కణమూ కదల్లేదు. చల్లదనం చాల్లేదనుకుని మర్నాడు ఇంకాస్త ఐసు వేశాను. మూడోరోజు డాక్టరుగారు నా రాతలు చూసి నిర్ఘాంతపోయారు. "ఇంత మేలుజాతి ఆంబోతు గొడ్డుపోయిందా! తీసేద్దాం, కాగితం రాయండి." తీసేసిన ఆంబోతు ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు.

దాన్ని దూడప్పటినుంచీ సాకిన కేంద్రంలోని కాపరి తాత ఆ పూట అన్నం ముట్టలేదు. "ఇంకొక్కసారి చూడమ్మా" అంటూ కొత్త గొట్టం పిడికిట్లో పట్టుకొచ్చాడు. నేను ఫ్లాస్కు మూత తీశానో లేదో, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏందమ్మా ఇది! వెచ్చటి ఒంట్లోంచి వచ్చిందాన్ని ఐసులో ముంచుతారా ఎవరన్నా?"

ముంచకుండానే చూశాను. అమ్మబాబోయ్! తిరనాళ్లలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. మూడురోజులుగా వాటిని చంపుతున్నది నేనే.

ఏడుస్తూ డాక్టరుగారికి అంతా చెప్పేశాను. "హఠాత్తుగా చల్లబెడితే కణం పొర చిట్లి ఎంజైములు బయటికి కారిపోతాయమ్మా! పొయ్యి లేనింట్లో కట్టెలుండి ఏం లాభం?" అని ఆయన కాగితం చించేశారు. తాత కాళ్ల మీద పడబోతే, "నాకెందుకమ్మా? నా బిడ్డని సన్నాసిని చేశావు, పోయి ఆడికి చెప్పుకో!" అన్నాడు.

పనివాళ్లంతా చూస్తుండగా పెద్దోడి ముందు నిలబడి, "తప్పయిపోయిందండీ" అన్నాను. భయంలో 'అండీ' కూడా వచ్చేసింది. పెద్దోడు గడ్డి నములుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత కూడా తప్పులు చాలా చేశాను; పెద్ద కుర్చీల్లో కూర్చున్నాక వాటికి చక్కటి కారణాలు రాయడం నేర్చుకున్నాను. ఆంబోతుని సైతం 'అండీ' అని క్షమించమన్న ఆ పిల్ల మాత్రం, ఎంత వెతికినా ఇప్పుడు నాలో కనపడదు.