విరామం తర్వాతి సగం

విరామం లైట్లు వెలగగానే ముందు వరసలో ఎవరో తలనొప్పి నూనె సీసా మూత తీశారు. కర్పూరం, పుదీనా కలిసిన ఆ ఘాటు ఏసీ చలిలో నా దాకా వచ్చింది. ఆఫీసు నుంచి నేరుగా ఈ నాటకానికి వచ్చాను. నడుం లాగేస్తోంది. సగం చూశాం చాల్లే, ఇంటికి పోయి పడుకుందామని సంచి భుజానికి తగిలించుకున్నదాన్ని, ఆ వాసనకు లేవలేక అలాగే ఉండిపోయాను. హైదరాబాదులోని ఈ హాల్లో అప్పలనర్సమ్మ అత్త ఎవరికీ తెలియదు. నాకు మాత్రం విరామం అంటే ఆవిడే.

కౌలాలంపూర్‌లో నా చదువు చివరికొచ్చిన రోజులవి. సెంతుల్‌లో అత్తవాళ్ళ ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడ మలేషియాలోనే, సుంగై సుమున్ తోటల్లో పుట్టి, బడిలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళ పెద్దలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి తోటపనికి ఓడెక్కి వెళ్ళారట. గుంటూరు నుంచి వెళ్ళిన నాకు ఆవిడ తెలుగు మొదట్లో సగమే అర్థమయ్యేది. నా తెలుగేమో ఆవిడకు రేడియో వార్తల్లా ఉండేదట. మొదటి రోజే "ఆంటీ అనకు లా, ఊరంతా అదే పిలుస్తాది. అత్తా అను" అని, అక్కడందరూ మాట చివర తగిలించే ఆ ‘లా’తో తేల్చేసింది. థీసిస్ ఇచ్చేశాక నాకు నిద్ర తప్ప మరేమీ వద్దనిపించేది. ఉద్యోగాలకు పెట్టిన దరఖాస్తులకు జవాబుల్లేవు. అన్నేళ్ళున్నా గది, కాలేజీ, రైలు తప్ప ఆ నగరంలో నేను చూసిందీ లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త మెట్ల కింద నిలబడి, "పడుకుని ఏటి సేస్తావు? నాటకానికెల్దాం, రా" అని కేకేసింది.

రైలు దిగి వానలో ఒకే గొడుగు కింద నడిచాం. దారిలో పొడుగ్గా లాగి పోసే పాలటీ తాగించింది. లోపల చలికి కణతలకు ఆ నూనె రాసుకుని, నాకూ రాసింది. విరామం గంట మోగగానే లేచి చీర సర్దుకుంది. "నానెల్తాను. మిగిల్నది నువ్వు సూసొచ్చి సెప్పు." అప్పుడు తెలిసింది సంగతి. పక్షవాతంతో మాట పడిపోయిన మావయ్య దగ్గర పక్కింటి చీనావిడ కాసేపే కూర్చుంటుంది. అది దాటి అత్త కనబడకపోతే ఆయన వణికిపోతాడు. అందుకని కొన్నేళ్ళుగా ఆవిడ అన్ని నాటకాలూ సగమే చూసింది. చిన్నప్పుడు తోటలో నాటకాలాడినా అంతేనట, తెల్లారి పనుందని వాళ్ళమ్మ మధ్యలోనే లేపి ఇంటికి లాక్కుపోయేదట.

అలా ప్రతి ఆదివారం మిగతా సగం నా వంతైంది. ఇంటికి రాగానే "మాకాన్ అయినాదా?" అని, తిన్నానో లేదో మలయ్ మాటలో అడుగుతూ నా ముందు అన్నం పళ్ళెం పెట్టి, తను మావయ్యకు గంజి తాగిస్తూ వినేది. మొదటిసారి మలయ్ నాటకం. నాకు భాష రాదు కనక రెండు ముక్కల్లో తేల్చేశాను.

"భాష రాకపోతే పోనీ. ఆ ముసలాడి సేతులు ఏటి సేసినాయి?" అంది అత్త.

నేను చూడలేదు.

"మరేటి సూసినావు? వచ్చేవారం సూడు."

వచ్చేవారం నుంచి చూడటం మొదలెట్టాను. ఎవరు తలుపు దగ్గరే ఆగిపోయారు, ఎవరు ఏడవబోయి కొంగు సర్దుకున్నారు, అన్నీ మోసుకొచ్చి చెప్పేదాన్ని. రైల్లో ఎదురుగా కునికే మనుషుల చేతులు కూడా చూసేదాన్ని. బాగా చెబితే మావయ్య ఎడమచేత్తో మంచం పట్టె మీద తట్టేవాడు. ఎవరికీ అక్కర్లేని మనిషినయ్యానని దిగులుపడే ఆ రోజుల్లో, ఇద్దరు నా కోసం ఎదురుచూస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది.

తిరుగు ప్రయాణానికి ముందు మిగిలిన ఒక్క ఆదివారం నేనే పట్టుబట్టాను. మావయ్య దగ్గర నేనుంటాను, నువ్వు ఒక్క నాటకమైనా చివరిదాకా చూడు అన్నాను. ఆవిడకు నేను ఇవ్వగలిగింది అదొక్కటే. వద్దు వద్దంటూనే పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. ఆయన గుమ్మం వైపు చూసినప్పుడల్లా "వస్తుంది మావయ్యా, ఇవాళ కాస్త ఆలస్యం" అని చెబుతూ కూర్చున్నాను.

ఆలస్యం కాలేదు. ఎప్పుడూ వచ్చే వేళకే తడిసిన చెప్పులు విడిచి లోపలికొచ్చింది. నాకు నీరసం, కోపం రెండూ వచ్చాయి.

"ఏంటత్తా, సగంలో వచ్చేశావా? ఒక్కసారైనా చూస్తావనే కదా నేనుండిపోయింది."

"లేవకుండా కూకున్నాను. మళ్ళీ లైట్లు ఆరిపేసినారు. అప్పుడు బెంగొచ్చినాది." కొంగుతో మొహం తుడుచుకుంది. "అంతా సూసేస్తే నీ దగ్గర ఇనడానికి ఏటుంటాది? నువ్వెల్లిపోతావు. ఇదొక్కటే కదా మిగిల్నది."

"నేను చూడలేదు కదత్తా."

"సూడకపోతే పోనీ లా. నాను మొదలు సెప్తాను, సివర నువ్వు సెప్పు."

ఇల్లు అమ్మేయాలన్న కూతురు, కుర్చీలోంచి లేవని తండ్రి. అదీ ఆవిడ చెప్పిన మొదటి సగం. మిగతాది నేను అల్లుకుంటూ పోయాను. చివర్లో ఆ తండ్రి తాళంచెవి చాలాసేపు అరచేతిలో పట్టుకుని, కూతురి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలడు అని చెప్పాను. ఈసారి మావయ్య పట్టె మీద తట్టలేదు. ఆయన ఎడమచెయ్యి అత్త మణికట్టును పట్టుకుని ఉంది. "బాగుంది" అంది అత్త, గంజి చల్లారిపోతున్నా చెయ్యి విడిపించుకోకుండా.

మావయ్య పోయాక ఆవిడ సుంగై పెటానిలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఏ నాటకం చూసినా ఫోన్‌లో మిగతా సగం చెప్పేదాన్ని. ఇప్పుడెందుకు సగం, మొత్తం చెబుతానంటే ఒప్పుకునేది కాదు. పోయినేడు ఆ నంబరు నుంచి కొడుకు గొంతు వినబడింది, అమ్మ పోయిందని.

గంట మోగింది. ముందు వరసలో నూనె రాసుకున్న ఆవిడ లేచి వెళ్ళిపోయింది. నేను సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నిద్రకు కళ్ళు మండుతున్నాయి. తెర లేచేసరికి వేదిక మీద ఒక ముసలాయన చొక్కా గుండీ పెట్టుకోబోయి, అది దొరక్క, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అత్తకు చెప్పాలి అనుకుని, ఫోన్ కోసం సంచిలో చెయ్యి పెట్టాను.